దిగంబర్ సర్ పిచర్‌ని ఎందుకు మార్చాడు

నాందేడ్‌లో బేస్‌బాల్ ఏంటి అని మీకు అనుమానం రావచ్చు. ఎవరినైనా అడగండి గానీ, స్టేడియం వెనక గేటు పక్కన ఉన్న పోశన్న హోటల్లో మాత్రం అడక్కండి. అడిగితే మీ సాయంత్రం గోవింద. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారని, ఎవరు ఎప్పుడు విసరాలో చెప్పే పెద్దమనిషిని మేనేజర్ అంటారని, మన జిల్లా జట్టు ఏటా రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా చక్కగా వెళ్లి అక్కడ బోర్లాపడుతుందని చెబుతారు. అలా పడటానికి కారణం ఎవరో తమకొక్కరికే తెలుసని నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు.

ఆ నలుగురిలో గొంతు పెద్దది ఉమేశ్‌ది. వాళ్ల ఊరు ఉమ్రి. పొద్దున రైల్లో వచ్చి మోండా మార్కెట్లో మేనమామ విత్తనాల దుకాణంలో కూర్చుంటాడు. సాయంత్రం తిరుగు బండికి ముందు పోశన్న హోటల్లో తేలతాడు. కాలేజీ రోజుల్లో అతనూ బేస్‌బాల్ జట్టులో ఉండేవాడు, కాకపోతే ఎక్కువగా బెంచీ మీదే ఉండేవాడు. బెంచీ మీద కూర్చున్నవాడికి మేనేజర్ చేసే తప్పులు బాగా కనిపిస్తాయి.

కథ మొదలైన రోజు వాన పడుతోంది. హోటల్ రేకుల మీద చప్పుడు, దాన్ని మించి ఉమేశ్ గొంతు.

"నేను చెప్తున్న గద. దిగంబర్ సర్‌కు పిచర్‌ను ఎప్పుడు మార్చాల్నో తెల్వది. పోయిన ఏడు ఏం చేసిండు? ప్రతీక్ చెయ్యి అలిసిపోయినంక గూడ వాన్నే నిలవెట్టిండు. గా ముందటేడు? అలవకముందే తీసేసిండు. గాయన చేతిల జట్టు ఉంటే మనం ముసలోళ్లమైనంక గూడ ఫైనల్ చూడం."

"నేను ఇప్పటికే అయిన," అన్నాడు బస్సు కండక్టర్‌గా రిటైరైన అంబాదాస్.

"తప్పు పిచింగ్‌ది కాదు, బ్యాటింగ్‌ది," అన్నాడు జిరాక్స్ దుకాణం కైలాస్. అతను పదేళ్లుగా అదే మాట అంటున్నాడు, ఎవరూ వినరు.

"పోయిన ఏడు ప్రతీక్‌ను తీసేస్తే ఎవర్ని పంపుతుంటిరి?"

ఈ మాట ఆ నలుగురిది కాదు. చూరు కింద వాన తగ్గడం కోసం నిలబడ్డ అమ్మాయిది. భుజాన పొడుగాటి సంచి, దాంట్లోంచి బ్యాటు పిడి బయటికి కనిపిస్తోంది. జడ కొసనుంచి నీళ్లు కారుతున్నాయి. ఉమేశ్ ఆ నీళ్ల వైపు ఒక క్షణం ఎక్కువ చూశాడు, దాంతో జవాబు ఆలస్యమైంది.

"గౌరవ్ ఉండె గద," అన్నాడు.

"గౌరవ్‌కు ఆనాడు జరం. బెంచీ మీద మిగిలింది నీళ్ల డబ్బా ఒక్కటే. దాంతోని ఏపిద్దురా పిచింగ్?"

పోశన్న చాయ్ వడపోస్తూనే నవ్వాడు. ఉమేశ్‌కి రోషం వచ్చింది.

"మేడం, మీకు బేస్‌బాల్ ఎర్కేనా? సాఫ్ట్‌బాల్ కాదు, బేస్‌బాల్."

"సాఫ్ట్‌బాల్ల ఐదేండ్లు క్యాచర్‌గ ఆడిన. పిచర్ ఎదురుంగ గొంతుకూసున్నదాన్ని నేను. మీరేడ కూసుంటుండె?"

బెంచీ మీద అని చెప్పడానికి ఉమేశ్‌కి నోరు రాలేదు. ఆమె వాన తగ్గకుండానే నడిచి వెళ్లిపోయింది.

"ఎవరి బిడ్డనో ఎర్కేనా?" అన్నాడు పోశన్న, గ్లాసు ముందు పెడుతూ. "దిగంబర్ సర్ బిడ్డ. ప్రణాలి."

మిగతా ముగ్గురూ ఆ సాయంత్రమంతా ఉమేశ్ మొహం చూసి ఆనందించారు.

మర్నాడు అతను మైదానానికి వెళ్లాడు. ప్రణాలి బడి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తోంది.

"మాఫీ అడుగుదామని అచ్చిన," అన్నాడు.

"మా బాపును తిట్టినందుకా, తప్పు తిట్టినందుకా?"

"రెంటికీ."

"తిట్టినందుకు అద్దు. బాపుకు అలవాటే. తప్పు తిట్టినందుకు మాత్రం ఆ బంతులన్ని ఏరుకరా."

తడిసిన గడ్డిలో బంతులు ఏరాడు. చెప్పులు బురదలో కూరుకుపోయాయి, పిల్లలు పగలబడి నవ్వారు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే వచ్చి ఏరాడు. ఆ వానాకాలమంతా ఉమ్రి బండి ఆలస్యంగా నడిచిందని ఉమేశ్ వాళ్ల అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. పాపం, రైల్వేవాళ్లకు ఏ సంగతీ తెలియదు.

క్యాచర్ పిచర్‌కి వేళ్లతో సైగ చేస్తుంది. ఒక వేలు చూపిస్తే నేరుగా విసరమని, రెండు చూపిస్తే తిప్పి విసరమని. వీళ్లిద్దరూ ఆ సైగలకు తమ అర్థాలు పెట్టుకున్నారు. మైదానం అవతలి కొసనుంచి ప్రణాలి ఒక వేలు చూపిస్తే పోశన్న హోటల్లో చాయ్. రెండు వేళ్లు చూపిస్తే, బాపు ఇక్కడే ఉన్నాడు, ఇయ్యాల కుదరదు. పిచింగ్ గురించి ఇద్దరికీ ఒక్కనాడూ పొత్తు కుదరలేదు. పోట్లాడుకోవడానికే కలుసుకుంటున్నట్టు కలుసుకునేవారు. ఉమేశ్‌కి ఆ పోట్లాట లేని రోజు అన్నం సహించేది కాదు.

ఒకనాడు జల్లు పెద్దదైతే ఇద్దరూ మైదానం పక్కన సామాన్ల గది వసారాలో నిలబడ్డారు.

"నన్ను చేసుకుంటవా?" అన్నాడు ఉమేశ్. ముందుగా అనుకున్న మాటలు వేరే ఉన్నాయి, అవేవీ గుర్తురాలేదు.

ప్రణాలి మొహం వాన వైపు తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సెమీఫైనల్ అయినంక బాపును అడుగు. గెలిస్తే ఖుషీల ఉంటడు."

"ఓడితే?"

"ఓడితే గూడ అడుగు. బాపుకు ఓడుడు కొత్తనా?"

ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రే ప్రణాలి వాళ్ల అమ్మ వత్సలకు సంగతంతా చెప్పేసింది. సమయం చూసి తండ్రి చెవిన వేస్తానంది తల్లి. ఇక మిగిలింది ఒక్క సెమీఫైనల్.

ఆ ఏడు పోటీలు నాందేడ్‌లోనే జరిగాయి. చలికాలం ఎండ, నిండిన స్టేడియం. ఎదుటి జట్టు పుణె. మన పిచర్ ప్రతీక్, కుండల్‌వాడి కుర్రవాడు. తండ్రి లేడు, తల్లి ముత్తెమ్మ బీడీలు చుట్టి పెంచింది. ఆ రోజు అతని బంతిని పుణెవాళ్లు తాకలేకపోయారు. ఆరో ఇన్నింగ్స్ దాకా మనమే పైన ఉన్నాం. అంబాదాస్ అప్పుడే ఏడుపు మొహం పెట్టాడు, ఆనందంతో.

అప్పుడు దిగంబర్ సర్ మెల్లగా మైదానంలోకి నడిచి వెళ్లాడు. ప్రతీక్ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. బంతి తీసుకున్నాడు, గౌరవ్ చేతిలో పెట్టాడు, ప్రతీక్‌ని బెంచీకి పంపేశాడు.

జనం సీట్లలోంచి లేచారు. తర్వాత అరుపులు మొదలయ్యాయి. గౌరవ్ విసిరిన బంతుల్ని పుణెవాళ్లు మైదానం నలుమూలలకీ కొట్టారు. "ప్రతీక్‌ను పంపు" అని జనం గొంతులు పోయేలా అరిచారు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి పోలేడు. మనం ఓడిపోయాం.

ఆట అయ్యాక అందరూ మేనేజర్ చుట్టూ మూగారు. ఎందుకు మార్చావని అడిగారు. దిగంబర్ సర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సాఫ్ట్‌బాల్ లెక్క అనుకున్న. జెర సేపు కూసోపెట్టి మల్ల పంపుదమనుకున్న. గీ ఆటల అట్ల నడవదని యాదికి రాలేదు."

సాఫ్ట్‌బాల్‌లో నిజంగానే అలా పంపవచ్చు. నాందేడ్‌లో ఎవరైనా ముందు సాఫ్ట్‌బాల్ ఆడి తర్వాతే బేస్‌బాల్‌కి వస్తారు కాబట్టి ఆ పొరపాటు అక్కడ ఎవరికైనా జరగవచ్చు. కానీ జట్టు మేనేజర్‌కి జరిగితే జనం ఊరుకుంటారా?

ఉమేశ్ ఊరుకోలేదు. ఇంటికి పోయే బండిలో తలుపు దగ్గర నిలబడి, అభిమానుల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. కడుపు మండి పెట్టాడు. దిగంబర్ సర్‌ని అందులో 'సాఫ్ట్‌బాల్ సర్' అన్నాడు. అది ధర్మాబాద్ దాకా పాకింది. రెండు రోజుల్లో బడిపిల్లలు కూడా ఆయన స్కూటర్ వెనక ఆ పేరు పెట్టి అరవడం మొదలుపెట్టారు.

మూడో రోజు ప్రణాలి విత్తనాల దుకాణానికి వచ్చింది. మేనమామ బయటికి వెళ్లాడు. పత్తి విత్తనాల సంచుల మధ్య నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా మీద కోపమచ్చిందా?" అన్నాడు ఉమేశ్. "ఆటల సంగతి ఆటలనే. నీ మీద గానీ, మీ ఇంటి మీద గానీ—"

"ఆదివారం బేస్‌బాల్ అసోసియేషన్ మీటింగ్ ఉన్నది."

"ఎర్కే."

"నువ్వు అండ్ల మాట్లాడకు."

"ఎందుకు?"

"చెప్పరాదు."

"మీ బాపు పదవి పోతదనా?"

"పోతే పోనీ. ఇంకెవరన్న మాట్లాడి తీసేయనీ. నువ్వు మాత్రం మాట్లాడకు. నా కోసం."

"కారణం చెప్పు ప్రణాలి. చెప్తే నోరు మూసుకుంట."

"ఒకరికి ఒట్టేసిన. చెప్పరాదు." ఆమె పక్కనున్న సంచి మీద చెయ్యి ఆనించింది. "నన్ను చూసి ఒక్క పూట ఊకోలేవా?"

ఉమేశ్ ఆమె కళ్లలోకి చూశాడు. రెండు రాత్రులు నిద్రలేని కళ్లు. ఇంకేం అడగబుద్ధి కాలేదు.

"సరే," అన్నాడు. నిజంగానే అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు ఉమేశ్.

ఆదివారం మీటింగ్‌లో వెనక వరసలో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంబాదాస్ లేచి ఏదో చెప్పబోయి తడబడి కూర్చున్నాడు. ఒకరిద్దరు పెద్దలు, సర్ చేసిన సేవ పెద్దది, ఇంకో ఏడు చూద్దాం అన్నారు. "జావూ దే, పోనియ్యి, ఏదో అయిపోయింది," అన్నారు ఇంకొకరు. గాలి సర్ వైపే తిరుగుతోంది. ఉమేశ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకో అయిదు నిమిషాలు గడిస్తే అతని మాట నిలిచేది.

అప్పుడు ముందు వరసలో ఒకాయన లేచి, "అసలు ప్రతీక్ అలిసిండు, పిచర్‌ను మార్చుడు కరెక్టే," అన్నాడు.

అన్నంలో రాయి తగిలితే నమలగలమా? ఉమేశ్‌కి తప్పు వాదన వింటే అంతే. ప్రతీక్ అలిసిపోలేదని తను కళ్లారా చూశాడు. నలుగురి తలలూ తన వైపు తిరిగాయి, ఉమేశ్ ఏమంటాడని. కైలాస్ మోచేత్తో పొడిచాడు.

"ఒక్కటే మాట," అంటూ లేచాడు ఉమేశ్.

అది ఒక్క మాట కాలేదు. అయిదేళ్ల సెమీఫైనల్స్ తీశాడు, ఎప్పుడు ఎవరిని మార్చారో, మార్చాక ఏమైందో ఒక్కొక్కటి విప్పాడు. మధ్యలో నవ్వించాడు. చివర, ఆట నియమం తెలియని మనిషి చేతిలో పిల్లల కష్టం పెట్టొద్దు అన్నాడు. హాలంతా చప్పట్లు. చేతులెత్తించారు. దిగంబర్ సర్ పదవి పోయింది.

సర్ ముందు వరసలోనే కూర్చున్నాడు. టోపీ తీసుకుని లేచి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఉమేశ్ చప్పట్ల మధ్యలోనే తలుపు వైపు చూశాడు. ప్రణాలి అక్కడ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. అతను భయం భయంగా ఒక వేలు చూపించాడు. ఆమె ఏ వేలూ చూపించలేదు. తండ్రి వెనక మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మైదానంలో పిల్లలకు వేరే ఎవరో నేర్పించారు. ఉమేశ్ బండి మళ్లీ టైముకి నడవసాగింది.

హోలీ వెళ్లాక ఒక సాయంత్రం ప్రతీక్ దూద్‌పేడాల డబ్బాతో పోశన్న హోటల్‌కి వచ్చాడు. క్రీడాకారుల కోటాలో సర్కారు కొలువు వచ్చిందట. అందరూ వీపు తట్టారు. అతను అందరి చేతుల్లో పేడా పెట్టాడు, తన చేతిలోది మాత్రం తినకుండా నిలబడ్డాడు.

"ఒక ముచ్చట చెప్పాలె," అన్నాడు. "ఇప్పుడు చెప్పొచ్చు. సెమీఫైనల్ నాడు ఆరో ఇన్నింగ్స్‌ల నా మోచెయ్యి వాచింది. వంచితే వంగుతలేదు. నేను అంగీ చేతులు కిందికి లాక్కొని ఏస్తనే ఉన్న. సర్ ఒక్కడు కనిపెట్టిండు. ఇంకొక్క ఇన్నింగ్స్ ఏసినవంటే జిందగీల చెయ్యి ఎత్తవు అన్నడు."

పోశన్న పొయ్యి మంట తగ్గించి ముందుకొచ్చాడు.

"సర్, చెయ్యి ఖరాబైందని బయటికి తెలిస్తే నన్ను కొలువు సెలక్షన్‌కు ఎవరు పిలుస్తరు, మా అమ్మ ఎన్నేండ్లు బీడీలు చుడతది అని నేనన్న. నేనేదో ఒకటి చెప్త, నువ్వు పోయి కూసో అన్నడు సర్. చెప్పిండు గద, మీరంత విన్నరు గద." ప్రతీక్ తన చేతిలోని పేడాను తిరిగి డబ్బాలో పెట్టాడు. "ప్రణాలక్కనే చెయ్యికి గుడ్డ కట్టింది. ఎవ్వరికి చెప్పనని ఆమెతోని ఒట్టేయించుకున్న. సర్‌ను మీరంత తిడుతుంటే అక్క నాకు ఫోన్ చేసి ఏడిసింది. అయినా ఎవరికీ చెప్పలే."

కైలాస్ నోట్లో పేడా అలాగే ఉండిపోయింది. అంబాదాస్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఉమేశ్ లేచి బయటికి నడిచాడు. బండి వేళయింది, అతను స్టేషన్ వైపు పోలేదు.

దిగంబర్ సర్ తన ఇంటి వసారాలో కూర్చుని ఆడపిల్లల పాత గ్లోవులు కుడుతున్నాడు. ఉమేశ్‌ని చూసి పక్కనున్న స్టూలు జరిపాడు.

"కూసో బిడ్డ. ప్రతీక్ చెప్పిండా? పోరని నోట్ల నువ్వుగింజ నానది. ఇన్నొద్దులు ఆగిందే ఎక్కువ."

ఉమేశ్ కూర్చోలేదు. కాళ్లు పట్టుకోబోయాడు. సర్ వెనక్కి జరిగాడు.

"అద్దు, అద్దు. నువ్వేం తప్పు చేసినవ్? కండ్లకు కానచ్చింది చెప్పినవ్. చూసెటోళ్లు తిట్టకపోతే ఆట ఎవరి కోసం? తిట్టుడు బందైననాడు జట్టు సచ్చినట్టే లెక్క."

"మీ పేరు ఖరాబు చేసిన సర్."

"ఖరాబైతే ఏమాయె, పోరనికి కొలువచ్చింది." సర్ సూదిలోకి దారం ఎక్కిస్తూ, కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "మా ఇంటామె అంత చెప్పింది నాకు, మీ ఇద్దరి సంగతి. నాకేం అభ్యంతరం లేదు. నీకు ఆట మీద పాణం ఉన్నది. గసొంటోడు మనుషులను గూడ మంచిగనే చూసుకుంటడు. ఓనాడు మీ ఇంటోళ్లను తోలుకరా. కూసొని మాట్లాడుకుందం."

వానాకాలమంతా ఉమేశ్ ఈ మాట కోసమే కలలు కన్నాడు. ఇంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుమ్మం వైపు చూశాడు. ప్రణాలి అక్కడే ఉంది, చిక్కిపోయి ఉంది.

"జెర ఇటు రా," అంది.

ఇంటి పక్క సందులో నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డారు.

"బాపు మాఫ్ చేసిండు గద," అంది.

"చేసిండు."

"బాపు అందరిని మాఫ్ చేస్తడు. అంపైర్లను గూడ."

ఉమేశ్ నవ్వబోయాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

"నువ్వు చెయ్యలేదా?"

"నాకు కోపం లేదు ఉమేశ్. కోపమైతే మంచిగుండు. రెండొద్దులకు పోతుండె." తొట్టి అంచు మీద వేలితో గీస్తూ మాట్లాడింది. "ఆనాడు దుకాణంల నేను బాపు పదవి అడగలే. నా మాట మీద ఒక్క పూట ఊకొమ్మన్న."

"నాకు కారణం తెలిసుంటే—"

"గదే. కారణం తెలిస్తే ఎవడైన ఊకుంటడు."

ఉమేశ్ ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"మల్ల గట్ల చెయ్య. ఒట్టు," అన్నాడు.

"చేస్తవ్. చెడ్డోనివని కాదు. నలుగురిల తప్పు మాట వినవడితే నువ్వు ఆగలేవు. అప్పుడు నేను గుర్తుకు రాను. ఆనాడు గూడ రాలేదు గద?"

రాలేదని అతనికి తెలుసు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు కాబట్టి తల వంచుకున్నాడు.

"నా కడుపుల ఉన్న మాటలు అన్ని నీకు చెప్పలేను. కొన్ని వేరేటోళ్లయి ఉంటయి. చెప్పనప్పుడల్ల నువ్వు ఏం చేస్తవో అని భయపడుకుంట బతకలేను." ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

"నేనంటే ఇష్టం పోయిందా?"

"పోలేదు. గందుకే ఫోన్ ఎత్తలే. ఎత్తితే సరే అంటుంటి."

లోపల కంచాలు పెట్టిన చప్పుడైంది. "ప్రణాలీ, ఆ పిల్లగాన్ని తినే పొమ్మను," అని వత్సల గొంతు.

ప్రణాలి తొట్టిలోని నీళ్లతో మొహం కడుక్కుంది. చున్నీతో తుడుచుకుంది.

"బాపుకు, అమ్మకు నేనే చెప్పుకుంట. ఇయ్యాల కాదు. బాపు మస్తు రోజులకు నవ్విండు. లోపటికి వచ్చి తిను. ఏం తెల్వనట్టు తిను." ఆగింది. "ఎందుకని అడగకు."

ఉమేశ్ అడగలేదు.

లోపలికి వెళ్లి సర్ పక్కన కూర్చున్నాడు. వత్సల జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించింది. సర్ హుషారుగా ఉన్నాడు. వచ్చే ఏడు పిచింగ్ ఎవరికివ్వాలో చెప్పమన్నాడు. గౌరవ్‌కే ఇయ్యాలె అన్నాడు ఉమేశ్. సర్ కాదన్నాడు, ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు, సర్ గట్టిగా నవ్వాడు.

"ఇంకో రొట్టె ఏసుకో," అంది వత్సల. "మొహమాటం ఎందుకు, ఇగ నీ ఇల్లే గద."

ప్రణాలి వచ్చి అతని గ్లాసులో నీళ్లు పోసింది. ఉమేశ్ ఇంకో రొట్టె వేయించుకున్నాడు. మొత్తం తిన్నాడు. చాలా బాగుందమ్మా అన్నాడు.